తాళంచెవి ఎవరి దగ్గరుంది?

సంతకానికి పెన్ను తీసిన కాంట్రాక్టరు గారూ, బిల్డరు గారూ, ఒక్క నిమిషం ఆగండి. ఆ ఒప్పందంలో బిమ్ గురించి, అంటే భవనం వివరాలన్నీ ఉండే డిజిటల్ మోడల్ గురించి, ఏం రాశారో చూశారా? ‘బిమ్ మోడల్ సమర్పించవలెను’ అన్న ఒక్క ముక్కేనా? అయితే పెన్ను జేబులో పెట్టేయండి. ఎందుకో ఈ తగువు చెబుతుంది.

ఫాక్‌లాండ్ దీవుల్లో బ్రిటన్ రక్షణ శాఖకు విద్యుత్ కేంద్రం కట్టే 5.5 కోట్ల పౌండ్ల పని ట్రాంట్ ఇంజనీరింగ్‌ది. డిజైన్ బాధ్యత మాట్ మెక్‌డొనాల్డ్ సంస్థది. ఫీజు దగ్గర పేచీ వచ్చింది. డ్రాయింగులు, మోడళ్లు ఉన్న ఉమ్మడి సర్వరు డిజైనర్ల చేతిలో ఉంది. వాళ్లు పాస్‌వర్డులు రద్దు చేశారు. అంతే, పని చేయాల్సినవాళ్లకు తమ ప్రాజెక్టు తమకే కనబడలేదు. 2017లో ఇంగ్లండ్ హైకోర్టు తలుపులు తెరిపించింది గానీ, ముందు ట్రాంట్ 4,75,000 పౌండ్లు కోర్టులో జమ చేయాలంది. అసలు తమ మధ్య ఒప్పందం కుదిరిందా లేదా అన్నదే అక్కడ తేలని తగువు!

కాగితాల రోజుల్లో ఆర్కిటెక్టుతో మాటలు పోయినా, చుట్టచుట్టిన బ్లూప్రింటు సైటు షెడ్డులోనే ఉండేది. ఇప్పుడు సెంట్రింగ్ సిద్ధంగా ఉంటుంది, కాంక్రీటు లారీ గేటు దగ్గర తిరుగుతూ ఉంటుంది, లాగిన్ మాత్రం అవదు.

‘డబ్బిచ్చాను, మోడల్ నాదే’ అనుకోకండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ అయినా, వాడుకునే లైసెన్సయినా రాతలో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లనే లెక్క. అరవై ఏళ్లు నిలవాల్సిన భవనానికి అయిదేళ్ల అనుమతి! తర్వాత మరమ్మతులకు ఆ మోడల్ తెరవాలంటే మళ్లీ ఎవరి గడప తొక్కాలి?

కాబట్టి రాయించండి. సర్వరు ఎవరిది, బిల్లు ఎవరు కడతారు, తగువు నడుస్తున్నా లాగిన్ ఆపకూడదని, లైసెన్సు ఎన్నేళ్లని. మోడల్‌లో బీము 450, డ్రాయింగులో 600 ఉంటే ఏది చెల్లుతుందో కూడా. మేస్త్రీ చేతిలో ఉన్నది డ్రాయింగే కదా. బ్రిటన్‌లో ఎన్‌ఈసీ4 అనే ప్రామాణిక ఒప్పందంలో బిమ్ కోసం ఎక్స్10 అనే షరతుంది, సీఐసీ బిమ్ ప్రొటోకాల్ 2013 నుంచీ ఉంది. చదవండి, కానీ మక్కీకి మక్కీ దించకండి. అక్కడి చట్టం వేరు.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? ఈ వారంలోనే అసలు ఫైళ్లూ, వేరే బిమ్ సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకునే ఐఎఫ్‌సీ ఫైళ్లూ అడిగి మీ డిస్కులోకి దించుకోండి. ‘తర్వాత చూద్దాం లెండి’ అన్న జవాబొస్తే, ఆ సాయంత్రమే వకీలు గారికి ఫోన్ చేయండి.