దౌర్బల్యం – దైవకరుణ

బొబ్బిలి అనగానే తెలుగువాని మనస్సులో మొట్టమొదట మెదిలేది శౌర్యం. 1757వ సంవత్సరం జనవరి 24వ తేదీన ఆ కోటలో జరిగిన పోరాటం బుర్రకథకుల నోట, నాటకరంగం మీద, 1964లో వెండితెర మీద మళ్ళీ మళ్ళీ ప్రాణం పోసుకొన్నది. బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు పంతం, రంగారాయని తెగువ, తాండ్ర పాపారాయుని ప్రతీకారం – ఇవి పాఠశాల విద్యార్థికి సైతం తెలిసిన సంగతులు. ఓటమికంటె చావు మేలని నమ్మిన వీరుల ఊరు అది. అటువంటి ఊరి పేరు ఎత్తి మానవ దౌర్బల్యాన్ని గురించి ముచ్చటించడం కొందరికి విపరీతంగా తోచవచ్చు.

అయితే ఆ యుద్ధగాథలోనే అంతగా ప్రచారంలోకి రాని ఘట్టం ఒకటి ఉన్నది. రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్ల చరిత్రకారుడు దానిని తన గ్రంథంలో పొందుపరచినాడు. స్త్రీలు, శిశువులు శత్రువుల చేత చిక్కరాదని కోటలోనివారే వారి ప్రాణాలు తీసిన ఆ దారుణ దినాన, ఒక వృద్ధుడు ఒక పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని ఫ్రెంచి సైన్యాధికారి లా ఎదుటికి వచ్చినాడు. ఇతడు రంగారాయని కుమారుడని, తండ్రి సంకల్పానికి విరుద్ధంగా తాను ఈ బిడ్డను దాచి కాపాడినానని చెప్పి అప్పగించినాడు. ఆ పిల్లవాడే చిన్న రంగారావు. ఆయన పెద్దవాడైన తరువాత సంస్థానం తిరిగి ఆయన పరమైనది; వంశం నిలిచింది. కోటను నిలపడానికి కత్తులు చాలలేదు. వంశాన్ని నిలిపినది ఒక ముసలివాని జాలి. ఆ జాలిని మేల్కొలిపినది తన్ను తాను రక్షించుకోలేని ఒక బిడ్డ నిస్సహాయత. ఈ మాట వీరుల కీర్తికి కళంకం కాదు. శౌర్యం చేయగలిగినదంతా చేసి అలసిన చోట కరుణ చేయవలసిన పని మిగిలి ఉంటుందని మాత్రమే దీని అర్థం.

మనిషి బలం ఉడిగిన చోటనే దైవం అందివస్తుందనే భావం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. పోతన చిత్రించిన గజేంద్రుడు మొదటినుండి మొరపెట్టినవాడు కాడు. మొసలితో చిరకాలం పోరాడినాడు. తన బలం మీద, తన మంద మీద ఉన్న నమ్మకం సడలిన తరువాతనే అతని నోట ఆర్తనాదం వెలువడింది. వైకుంఠంలో ఉన్నవాడు ఉన్నపాటున పరుగెత్తి వచ్చినది ఆ పిలుపు విన్న తరువాతనే. శరణాగతి అనే మాటకు తెలుగువాని మనస్సులో ఉన్న రూపం ఇదే.

క్రైస్తవ విశ్వాసం ఇదే భావాన్ని మరొక దిక్కుగా నడిపించింది. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన రెండవ లేఖలో తన బాధ ఒకదానిని చెప్పుకొన్నాడు. దానిని శరీరంలో నాటుకొన్న ముల్లుతో పోల్చినాడు. అది రోగమో, మరొక వేదనో, పండితులు నేటికీ ఒక నిర్ణయానికి రాలేదు. దానిని తీసివేయమని అతడు మూడుమార్లు ప్రార్థించినాడు. ముల్లు మాత్రం తొలగలేదు. దానికి బదులుగా, భరించడానికి కావలసిన కృప లభిస్తుందనే అభయం లభించింది. గజేంద్రుని కథలో మొసలి చచ్చింది. పౌలు కథలో ముల్లు ఉండనే ఉన్నది. ఆపదను తొలగించే కరుణ ఒకటి, ఆపదలో విడువక తోడుండే కరుణ మరొకటి. లోకంలో తొలగని బాధలే ఎక్కువ గనుక, రెండవ కరుణ లేనివాడు మొదటిదానికోసం ఎదురుచూస్తూనే కుంగిపోతాడు.

ఈ విశ్వాసంలో ఇంకొక విశేషం ఉన్నది. దుర్బలుణ్ణి ఆదుకొనే దైవం తానే దుర్బలుడై వచ్చినాడని క్రైస్తవులు నమ్ముతారు. పశువుల తొట్టిలో పుట్టుక, సిలువ మీద మరణం – ఈ రెండింటి నడుమ ఉన్న జీవితమంతా అధికారం లేని జీవితమే. గెత్సేమనే తోటలో తన దుఃఖపాత్ర తొలగిపోవాలని వేడుకొన్నవాడు కూడ ఆయనే. గుర్రం జాషువ వంటి మహాకవిని ఈ చరిత్ర ఆకర్షించి కావ్యం వ్రాయించడంలో ఆశ్చర్యం లేదు. అస్పృశ్యత అనే ముల్లు గుచ్చుకొన్న గుండె ఆయనది. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో అనాథుని మొరను ఈశ్వరుని చెవిని వేయించిన ఆ కవియే ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందినాడు.

జాషువకు నూరేండ్లకు ముందే ఈ అనుభవాన్ని తెలుగు పాటగా మలచిన కవి ఉత్తరాంధ్రపు అంచులలో పుట్టినాడు. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో జన్మించినారు. వారిది వంగదేశం నుండి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం. ఆయనకు చదువు కొరత కాదు. కులగౌరవం కొరత కాదు. నియమనిష్ఠలు కొరత కావు. అయినను 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, తనవారికి దూరమై, అంతవరకు ఉన్న గౌరవాన్ని వదలుకొన్నారు. ఆయన కీర్తనలలో మాటిమాటికి వినిపించేది పండితుని గర్వం కాదు. తన సుకృతం తనను ఒడ్డు చేర్చలేదని తెలుసుకొన్నవాని నివేదన. చేతిలో ఏమీ లేదని ఒప్పుకొని రిక్తహస్తాలు చాచిన విద్వాంసుడాయన.

త్యాగరాజు జీవించి ఉన్న కాలంలోనే చౌదరి ఈ మార్గంలో అడుగుపెట్టినారని గుర్తుంచుకోవాలి. కొత్త విశ్వాసానికి పరదేశపు బాణీ తెచ్చిపెట్టవలసిన అవసరం ఆయనకు కలుగలేదు. పల్లవి, చరణం, రాగం, తాళం – అన్నీ ఈ నేలవే. ఆయన వ్రాసిన కీర్తనలు వందకు పైబడినవి. అక్షరం రాని కూలివాడు, చదువుకు నోచుకోని స్త్రీ ఆ పాటలను కంఠస్థం చేసుకొని తమ వేదనకు మాట దొరికిందని సంతోషించినారు. దుర్బలునికి దానం చేయదగినవాటిలో మాట కూడ ఒకటి. తన బాధను చెప్పుకోలేకపోవడంకంటె పెద్ద దౌర్బల్యం లేదు. చౌదరి 1890లో కన్నుమూసినారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరచిన ప్రతి మందిరంలోను ఆ పాటలు నేటికీ వినవస్తున్నవి.

బొబ్బిలికి ఈ బోధ చేరిన తీరులోను ఒక విఫలయత్నం ఉన్నది. కెనడా తూర్పుతీరపు బాప్తిస్టు సంఘాలు 1873లో కొందరిని సయాం దేశంలోని కరెను జాతివారికోసం పంపినవి. అక్కడ తిరిగి చూడగా తాము అనుకొన్నంతమంది కరెనులు కనిపించలేదు. వేసుకొన్న ప్రణాళిక కూలిపోయింది. దారి మార్చుకొని వారు 1875లో తెలుగుదేశానికి వచ్చినారు. అలా వచ్చినవారిలో జార్జి చర్చిల్, మటిల్డా చర్చిల్ దంపతులు 1879లో బొబ్బిలిలో మిషను ప్రారంభించినారు. ఆడపిల్లకు బడి అనే మాటే వింతగా ఉన్న రోజులలో మటిల్డా అక్కడ బాలికల చదువుకు పూనుకొన్నారు. ఆ సయాం ప్రయత్నం సఫలమై ఉంటే వారు బొబ్బిలి పేరైనా విని ఉండరు. కూలిన ప్రణాళికలో నుండి మరొకరికి మేలు పుట్టడాన్ని విశ్వాసి దైవకరుణ అంటాడు. విశ్వాసి కానివాడు యాదృచ్ఛికం అంటాడు. ఓటమి ముగింపు కాలేదనడంలో మాత్రం ఇద్దరికీ భేదం ఉండదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వినక తప్పదు. దౌర్బల్యాన్ని పొగడే మతం మనుషులను బానిసలుగా చేస్తుందని జర్మను తత్త్వవేత్త నీషే నిందించినాడు. బలమే జీవనమని, దౌర్బల్యమే మరణమని వివేకానందుడు ఈ దేశపు యువకులను తట్టి లేపినాడు. ఆ హెచ్చరికలలో సత్యం లేకపోలేదు. ఆకలిగొన్నవానికి ఓర్పును మాత్రమే బోధించి తృప్తిపడే భక్తి కరుణ కాదు, క్రౌర్యం. దుర్బలుని అవసరాన్ని ఆసరా చేసుకొని అతని మనస్సును కొనజూచే సేవ కూడ కరుణ కాదు, బేరం. కరువు కాలాలలో జరిగిన మతాంతరీకరణలు వివాదాస్పదం కావడానికి కారణం ఈ అనుమానమే.

ఈ సందర్భంలో ఒంగోలు చరిత్ర స్మరించదగినది. 1876–78 నడుమ వచ్చిన ధాత కరువులో అక్కడి అమెరికను మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకపు పనిని ఒప్పందానికి తీసుకొని, పస్తులున్న వేలమందికి కూలి దొరికేటట్లు చేసినాడు. బాప్తిస్మం ఇమ్మని అడిగేవారు ఆ రోజులలో కొల్లలు. కూటికోసం ఎవరూ మతం పుచ్చుకోరాదని, సహాయకార్యం నడచినంతకాలం, సంవత్సరానికి పైగా, ఆయన బాప్తిస్మాలను నిలిపివేసినాడు. సహాయం ముగిసి, ఇక తమకు దొరికేది ఏమీ లేదని తెలిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఆ సంఖ్యను గురించే లోకం ఎక్కువగా చెప్పుకొన్నది. చెప్పుకోవలసినది ఆ సంఖ్య కాదు, అంతకు ముందు మూసి ఉంచిన తలుపు. దుర్బలుని దౌర్బల్యానికి వెల కట్టకుండ చేయి అందించినప్పుడే అది కరుణ అవుతుంది.

అట్టి కరుణకు మరొక పరీక్ష వైద్యం లేని వ్యాధి. యేసు కుష్ఠరోగిని స్వస్థపరచిన కథలో తరచుగా గమనింపబడని విషయం ఒకటి ఉన్నది: ఆయన మొదట చేయి చాచి ముట్టుకొన్నాడు, స్వస్థత ఆ తరువాతిది. కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని హాన్సెను 1873లో కనుగొన్నాడు. ఫలవంతమైన బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్యసంస్థ సిఫారసు చేసినది 1981లో. ఈ రెండింటి నడుమ నూరేండ్లకు పైగా గడచినవి. ఆ కాలంలో రోగికి లోకం ఇచ్చినది వెలి. 1898 నాటి చట్టం రోగులను నిర్బంధించడానికి వీలిచ్చింది. దానిని భారత పార్లమెంటు రద్దు చేసినది 2016లో. అటువంటి రోజులలో బొబ్బిలికి పొరుగున ఉన్న సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు వైద్యశాల వంటివి రోగులకు తలుపు తెరచినవి. వ్యాధిని రూపుమాపే మందు రాకముందే పుండు కడిగే చేయి, కట్టు కట్టే చేయి వచ్చినవి. పౌలు ఎరిగిన కృప ఆకాశంలో నిలిచిపోక మనుషుల చేతులలోకి దిగివచ్చిన తీరు అదే.

ఇవన్నీ గతించిన సంగతులని పాఠశాల పక్కన పెట్టడానికి వీలులేదు. ఓటమికంటె చావు మేలన్న వీరధర్మం యుద్ధగాథలో చదివినప్పుడు రోమాంచం కలిగిస్తుంది. అదే మాట మార్కుల పట్టిక చేత పట్టుకొన్న పదునారేండ్ల పిల్లవాని చెవిలో పడితే విషమవుతుంది. పరీక్షాఫలితాలు వెలువడిన మరునాడు పత్రికలలో కనిపించే విషాదవార్తలు ఎవరు చదువలేదు? ఆ పిల్లలకు శక్తి లేకపోవడం కాదు ప్రమాదం. శక్తి చాలలేదని చెప్పుకొనే చోటు లేకపోవడం ప్రమాదం. ఇంటిలో చెప్పుకొంటే పరువు పోతుంది. తరగతిలో చెప్పుకొంటే నవ్వులపాలవుతుంది.

ఉపాధ్యాయుడు ఏ మతస్థుడైనా కావచ్చు, ఏ మతమూ లేనివాడైనా కావచ్చు. తరగతిలో ఒక విద్యార్థి లేచి ‘నాకు రాలేదండీ’ అని చెప్పగలిగితే, ఆ గదిలో కరుణకు చోటున్నట్లే. ఆ మాట విన్న గురువు విసుగుకొనక మరల మొదటినుండి చెప్పితే, పౌలు పొందిన అభయంలో ఒక పాలు ఆ పిల్లవానికి అందినట్లే. లెక్క ఒక్కనాడే వచ్చేయకపోవచ్చు; ముల్లు కొంతకాలం ఉండవచ్చు. తోడు ఉన్నదన్న ధైర్యం మాత్రం ఆనాటినుండే ఉంటుంది.

విద్యార్థులు కూడ ఒకటి గ్రహించాలి. చేతకాలేదని ఒప్పుకోవడం ప్రయత్నం మానుకోవడం కాదు. గజేంద్రుడు పోరాడిన తరువాతనే పిలిచినాడు. చౌదరి తన రిక్తత్వాన్ని ఒప్పుకొన్న తరువాత యాభై ఏండ్లకు పైగా జీవించి సాహిత్యానికి, తన సంఘానికి సేవ చేసినారు. పిలువవలసిన వేళ పిలువడం సిగ్గు కాదు. పిలుపు విని కూడ కదలకపోవడం సిగ్గు. బొబ్బిలి కోట కథ చెప్పే ప్రతి ఉపాధ్యాయుడు పాపారాయుని కత్తితోపాటు ఆ పేరు తెలియని ముసలివాని చేతిని కూడ పిల్లలకు చూపించాలి. కోటలు పోయినా బిడ్డలు బతకాలి.