లాంటోళ్లం

అలంకారాలంటే భాషకు పెట్టే నగలని మనకు బళ్లో చెప్పారు. ఇప్పుడు నేనూ అదే చెప్పి జీతం తీసుకుంటున్నాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు టీచర్ని. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగూ వరసగా బోర్డు మీద రాసి, ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది అని ఒక ఉదాహరణ పారేసి, రెండు మార్కులు పోగొట్టుకోవద్దని పిల్లల్ని హెచ్చరించాలి. కీర్తి తెల్లగా ఉంటుంది, అపకీర్తి నల్లగా ఉంటుంది, ఇది కవిసమయం అని కూడా చెప్పాలి. ఎదురుగా కూచున్న నలభై నల్ల మొహాల్నీ చూస్తూ చెప్పాలి.

నగలే అయితే మా మాదిగపల్లెకు వాటితో పనేముంది? మా అమ్మ ఒంటి మీద పసుపుతాడు తప్ప నగ ఎరగను. అయినా ఆమె నోరు తెరిస్తే ఆసామికి మాట పడిపోయేది. ఒకేడు నాట్లప్పుడు కూలి పెంచమని ఆడాళ్లంతా గట్టు మీద కూచున్నారు. ఆసామి నవ్వుకుంటా వచ్చాడు. "మీరు కూలోళ్లేంటే, మా ఇంటి మనుషుల్లాంటోళ్లు గదా, మనలో మనకు లెక్కలేంటి" అన్నాడు. మా అమ్మ కొంగు బొడ్లో దోపుకుని, "ఇంటి మనుషులమైతే పొలంలో వాటా రాయండయ్యా. లాంటోళ్లమైతే కూలి పెంచండి" అంది.

ఉపమకూ రూపకానికీ తేడా ఏమిటని నా బి.ఏ.లో రెండు పేజీలు రాశాను. మా అమ్మ రెండు వాక్యాల్లో చెప్పింది. రూపకంలో అభేదం. అదే ఇది. ఉపమలో పోలిక మాత్రమే. మధ్యలో 'లాంటి' అనే కంచె ఉంటుంది. ఆ కంచె అవతల నిలబెట్టే మమ్మల్ని తరాల తరబడి ముద్దు చేశారు. తోబుట్టువుల్లాంటోళ్లు, బిడ్డల్లాంటోళ్లు. బిడ్డల్లాంటోళ్లకు గ్లాసు వేరే, బావి వేరే, కాడు వేరే.

అసలు మనల్ని ఉపమానం చెయ్యని ఊరుందా? చింపిరి జుట్టుతో ఉన్న పిల్లాణ్ని చూసి "ఏంట్రా ఆ అవతారం, మాదిగోడిలా" అంటుంది తల్లి. ఈ వాక్యంలో సమానధర్మం ఎక్కడ? చెప్పలేదు. మురికి అనలేదు, నీచం అనలేదు. లక్షణగ్రంథాల్లో దీని పేరు లుప్తోపమ. లోపించినదాన్ని వినేవాడే పూరించుకుంటాడు. ఒప్పించే మాటలన్నిటిలో గట్టిది ఇదే, ఎందుకంటే చెప్పినవాడు చెప్పలేదు, విన్నవాడు తనే అనుకున్నాడు. ఇక రుజువు అడిగేదెవర్ని? అందరికీ తెలిసిందే ఉపమానం కావాలని శాస్త్రం. మన మీద అందరికీ తెలిసిందంటూ ఒకటుందని ఆ పిల్లాడికి అయిదేళ్లకే తెలిసిపోతుంది.

అర్థాంతరన్యాసం ఇంకా పెద్దమనిషి. ఒక విషయాన్ని లోకం మాటతో బలపరచడం. ఎక్కడన్నా చెడు కనిపిస్తే "ఊరన్నాక మాలపల్లె ఉండదా" అంటారు. సామెత గదా, ఎవరూ అన్నది కాదు, అందరూ అన్నది. ముద్దాయి లేని తీర్పు. పంచాయితీల్లో మావాళ్ల నోరు మూయించింది కర్రకంటే ఎక్కువగా సామెతే. వ్యాజస్తుతి సంగతి చెప్పక్కర్లేదు, స్టాఫ్ రూములో రోజూ వింటాను. "మీ ఉచ్చారణ ఎంత స్పష్టంగా ఉంటుందండీ మేడం, అసలు ఎస్సీలంటే నమ్మలేం." ఆవిడ మెచ్చుకుంటున్నానే అనుకుంటోంది పాపం.

నన్ను అన్నిటికంటే మండించేది మాత్రం అలంకారం పేరు కూడా లేని ఒక పద్ధతి. కర్తను మింగెయ్యడం. పేపరు తియ్యండి. "దళితులపై దాడి జరిగింది." ఎండ కాసింది, వాన కురిసింది, దాడి జరిగింది. ఇంకా సుకుమారంగా రాయాలంటే "ఇరువర్గాల మధ్య ఘర్షణ". నరికినవాడూ నరకబడినవాడూ ఇరువర్గాలు.

కర్తరి, కర్మణి వాక్యాల పాఠం వచ్చినప్పుడు నేను "రాముడు రావణుని చంపెను" దగ్గర ఆగను. బోర్డు మీద మూడు వాక్యాలు రాస్తాను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు మరణించారు. ఎనిమిది మంది దళితులు చంపబడ్డారు. ఎనిమిది మంది దళితుల్ని చంపారు. మూడో వాక్యం దగ్గర ఎవరో ఒక పిల్లాడు తప్పకుండా అడుగుతాడు, "ఎవరు టీచర్?" అని. పాఠం అక్కడ మొదలవుతుంది. తరిమి చంపి గోతాల్లో కుక్కి కాలవలో పారేసినవాళ్లు ఎవరో ఊరికి తెలుసు. చుండూరులోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఎనిమిది శవాలున్నాయి, క్రియ ఉంది, కర్మ ఉంది. కర్త లేడు! "క్లాసులో రాజకీయాలు ఎందుకు మేడం" అన్నాడొక సహోద్యోగి. వ్యాకరణం చెబుతున్నానండీ అన్నాను. రావణుణ్ని చంపింది రాజకీయం కాదా మరి?

ఇంతవరకూ చెప్పింది మీలో చాలామంది ఒప్పుకుంటారు. ఇక్కణ్నుంచి కొందరికి కోపం రావచ్చు. మన మీటింగుల్లో ఒక మాట తరచూ వింటున్నాను. అలంకారాలు బ్రాహ్మణ సొమ్ము, మనకు అక్కర్లేదు, మనది పచ్చి మాట, ఉన్నదున్నట్టు చెబుదాం అని. ఉన్నదున్నట్టు చెప్పడాన్ని కూడా వాళ్లు స్వభావోక్తి అని అలంకారాల్లోనే కట్టేశారు, తప్పించుకుని ఎక్కడికి పోతారు? పైగా ఈ మాట మన పెద్దల్ని చదవని మాట.

గరిమెళ్ల సత్యనారాయణ మాకొద్దీ తెల్లదొరతనము అని పాట కట్టి జైలుకెళ్లాడు. దేశమంతా చప్పట్లు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న మాకొద్దీ నల్లదొరతనము అన్నాడు. మారింది ఒక్క మాట. తెల్ల తీసి నల్ల పెట్టాడు. స్వరాజ్యం ఎవరికి అనే ప్రశ్న వెయ్యడానికి ఉపన్యాసం అక్కర్లేకపోయింది. వాళ్ల పాట, వాళ్ల బాణీ, వాళ్ల తర్కం. అవన్నీ వాళ్లకే ఎదురు నిలబెట్టాడు. దాన్ని పచ్చి మాట అందామా, అలంకారం అందామా?

జాషువా చేసిందీ అంతే. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అంటరానివాడు కాశీ విశ్వనాథుడికి కబురు పంపాలి. గుళ్లోకి తను పోలేడు. పోగలిగింది చూరుకు వేలాడే గబ్బిలం. ఇంట్లో దూరితే అరిష్టమని అందరూ తోలే గబ్బిలానికి గర్భగుడిలో అడ్డు లేదు, మనిషికి ఉంది. ఆ దూతను ఎంచుకోవడంలోనే సగం వాదం గెలిచేశాడు. సందేశకావ్యం అనే పాత పెట్టెను పగలగొట్టకుండా, అందులోనే నిప్పు దాచి పంపాడు.

పేరు పెట్టడం కూడా ఒప్పించే విద్యే. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిస్తే, అధ్యక్షుడుగా వచ్చిన భాగ్యరెడ్డివర్మ పంచములన్న పేరే ఒప్పుకోలేదు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. అయిదోవాళ్లు అన్నవాళ్లకు మొదటివాళ్లం అని జవాబు. తర్వాత గాంధీ హరిజనులన్నాడు, 1933లో ఆ పేరుతో పత్రికే పెట్టాడు. దేవుడి మనుషులట. మళ్లీ అదే, ఇంటి మనుషుల్లాంటోళ్లు. ఇక అంబేడ్కర్ 1936లో లాహోరు సభకు కులనిర్మూలన మీద ఉపన్యాసం రాస్తే, పిలిచినవాళ్లే కొన్ని భాగాలు మార్చమన్నారు. కామా కూడా మార్చనన్నాడు. సభ రద్దయింది, ఆయన సొంత డబ్బుతో అచ్చేశాడు. మాట ఎక్కడ ఎలా పడాలో అంత పట్టుదలగా చూసుకున్న మనిషి వారసులం మనం, ఏదో ఒకటి అరిస్తే చాలు అనుకుంటున్నాం.

నిజంగా చెప్పండి, మన వేదికల మీద ఎన్ని సూర్యుళ్లు ఉదయించారు? ఎన్ని కొలుములు మండాయి? పదో సూర్యుడు వచ్చేసరికి ముందు వరసలో పిల్లలు నిద్రపోతున్నారు. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది, మైకు పట్టుకున్న అన్న ఎవరో "మనమేమన్నా గాజులు తొడుక్కున్నామా" అన్నప్పుడు. తొడుక్కున్నాం అన్నా. కారంచేడులోనూ చుండూరులోనూ రోడ్డు మీద కూచున్నది గాజుల చేతులే. మీటింగుకు జంపఖానా పరిచిందీ అవే. ఆసామి మాదిగోణ్ని ఉపమానం చేశాడు, మీరు ఆడదాన్ని చేశారు. సమానధర్మం చెప్పకుండా వదిలేసిన పద్ధతి కూడా ఒకటే. ఇది ముఖాన అంటే చీలిక తెస్తున్నావన్నారు. అననీండి.

మా ఊళ్లో ఇప్పుడొక అర్జీ నడుస్తోంది. మా శ్మశానానికి దారి లేదు. మొదటి అర్జీ అర్జీలు రాసే ఆయన చేత రాయించారు మా పెద్దలు. మహారాజశ్రీ తహసీల్దారు గారి దివ్యసముఖమునకు, నిరుపేద హరిజనులము, తమ దయాదాక్షిణ్యముల మీద ఆధారపడిన వారము. ఒకటిన్నర పేజీ వంగి వంగి నడిచాక దారి అనే మాట వచ్చింది. మూడేళ్లు ఏ బీరువాలో ఉందో. రెండోది నన్ను రాయమన్నారు. కాడు ఎక్కడ, దారి ఎవరి గట్టు దగ్గర ఆగింది, ఎవరు ముళ్లకంప వేశారు, 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణ ప్రకారం శ్మశానం వాడుకోకుండా అడ్డుపడటం ఎలా నేరమవుతుంది. అరపేజీ. చదివి వినిపిస్తే మా పెదనాన్న, "అమ్మాయ్, ఇట్టా రాస్తే సారుకు కోపం రాదా" అన్నాడు. కోపం వచ్చినా చదువుతాడు పెదనాన్నా అన్నాను.

రెండుసార్లు సర్వేయరు వచ్చి కొలిచి వెళ్లాడు. కంప ఇంకా తియ్యలేదు. వచ్చే సోమవారం గ్రీవెన్సుకు మూడోది పట్టుకుపోతున్నాం. అందులో మొదటి వాక్యానికి కర్త ఉంది, ఇంటిపేరుతో సహా. రెండో వాక్యం, మోకాలి లోతు ఊడ్చిన చేలో మా నాన్న పాడెను మోసిన నలుగురిలో ఎవరు ఎక్కడ పడ్డారో, ఆ గట్టు సర్వే నంబరుతో మొదలవుతుంది.