అడిగితే అవిశ్వాసమా?



పోయిన క్రిస్మస్‌కి మన సండే స్కూలు పిల్లలు నాటిక నేర్చుకుంటున్నారు. పదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్నడిగింది: "అయ్యగారూ, మరియమ్మకి చోటు లేదని తలుపేసిన సత్రం యజమాని ఏ వచనంలో ఉన్నాడు?" నేను విసుక్కున్నాను. "వాక్యాన్ని ప్రశ్నించకూడదమ్మా" అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. తర్వాత రెండు ఆదివారాలు బైబిలు తేకుండానే గుడికి వచ్చింది.

ఆ రాత్రి లూకా 2వ అధ్యాయం మళ్లీ చదివాను. యజమాని అక్కడ లేడు! ఇన్నేళ్లూ ప్రతి క్రిస్మస్‌కీ అతని కఠిన హృదయం మీద ప్రసంగం చేసింది నేనే. ఆ పిల్ల ప్రశ్నించింది నా ప్రసంగాన్ని. నేను వాక్యం చాటున దాక్కున్నాను.

ఇంకా వెతికాను. మన పాత తెలుగు బైబిలు లూకా 2:7లో "సత్రము" అంటుంది. అక్కడి గ్రీకు మాట కటాలుమా. అదే మాట లూకా 22:11లో వస్తే మనవాళ్లు "విడిది గది" అని రాశారు. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చేర్చిన పూటకూళ్ల ఇంటికి లూకా వాడిన మాట పూర్తిగా వేరు. అంటే మరియమ్మ, యోసేపులకి చోటు దొరకనిది చుట్టాల ఇంటి విడిది గదిలోనే కావచ్చు. పశువుల తొట్టిలో పడుకున్న ప్రభువు మహిమ దీనివల్ల తగ్గిందా? నాకైతే ఆయన మన పల్లెటూరి ఇంటికి ఇంకా దగ్గరగా వచ్చినట్టుంది.

కొందరు బోధకులు "ఈ ఒక్క అనువాదమే దేవుని మాట, మిగతావి ముట్టుకోవద్దు" అంటున్నారు. అయ్యా, ప్రవక్తలు, అపొస్తలులు తెలుగులో రాయలేదు. విశాఖపట్నం మిషనరీలు సిద్ధం చేసిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ పనిలో ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి చెయ్యి ఉంది. వాళ్లు ఒక మాట రాసి, కొట్టేసి, ఇంకో మాట వెతికి ఉంటారు కదా! తర్వాతి వాళ్లు దాన్ని మళ్లీ మళ్లీ దిద్దారు. ఆ చెమటకి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ చెమటోడ్చిన మనిషిని తప్పే చేయని దేవుణ్ణి చేయను.

వాట్సాప్‌లో ఇంకో భయం తిరుగుతోంది: "కొత్త బైబిళ్లలో వచనాలు తీసేశారు, మత్తయి 17:21 చూడండి" అని. నిజంగానే కొన్ని అనువాదాల్లో 20 తర్వాత 22 ఉంటుంది. కారణం కుట్ర కాదు. కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అచ్చువేసిన ప్రతిలో వచ్చాయి. ఆయన ప్రతిలో ఆ వచనం ఉంది. 4వ శతాబ్దపు వాటికన్ ప్రతిలో అది లేదు. మార్కు 9:29లో దాదాపు అదే మాట ఉంది కాబట్టి, చేతిరాత ప్రతులు రాసినవాళ్లు అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చి ఉంటారని పండితులు అంటారు. ప్రార్థన గురించి ప్రభువు చెప్పింది మార్కులో భద్రంగానే ఉంది. ఫార్వర్డ్ చేసే ముందు ఆ పేజీ కిందున్న చిన్న అక్షరాలు ఒక్కసారి చదవండి.

అలాగని ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోమని నేననడం లేదు. నచ్చిన అర్థం దొరికేదాకా అనువాదాలు మార్చడం వాక్యాన్ని వెతకడం కాదు, మన మనసుకి సాక్షిని వెతకడం. ముందూ వెనుకా వచనాలు చదవండి. రెండు మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోండి. ప్రార్థించండి. తర్వాత సంఘంలో పదిమందితో మాట్లాడండి. బెరయవారు పౌలు బోధనే లేఖనాలతో సరిచూశారు (అపొ. కార్యములు 17:11). లేఖనం వాళ్లని అందుకు మెచ్చుకుంది. పౌలుని సరిచూడొచ్చుగానీ ఈ పల్లెటూరి పాస్టరుని సరిచూడకూడదా?

మూడో ఆదివారం సంఘం ముందు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు ఆమె మళ్లీ బైబిలు తెస్తోంది, అందులో ప్రశ్నలు రాసిన కాగితం కూడా పెట్టుకుని. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు. కలిసి వెతుకుతున్నాం.

తన వాక్యాన్ని గ్రహించే మనసు ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.