మంచూరియా పుట్టిల్లు ఎక్కడ?

పొద్దుగూకితే చాలు, కొవ్వూరులో నూడుల్స్ బళ్ల దగ్గర మూకుళ్ల చప్పుడు మొదలవుతుంది. కాలీఫ్లవర్ ముక్కలు కార్న్‌ఫ్లోర్ జారులో ముంచి వేయించి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు వేసి సోయాసాస్‌లో ఎగరేస్తే మంచూరియా రెడీ. చైనావాళ్ల వంట అని తినేవాళ్ల నమ్మకం. తీరా చైనావాళ్లకు పెడితే ఇదేంటని అడుగుతారు! మంచూరియా అనే ప్రాంతం అక్కడ ఉంది గానీ ఈ వంటకం లేదు. 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో నెల్సన్ వాంగ్ అనే వంటమాస్టారు గరంమసాలా బదులు సోయాసాస్ పోసి కోడిమాంసంతో దీన్ని కనిపెట్టాడని చెబుతారు. ఆయన పుట్టింది కలకత్తాలో, చైనా నుంచి వలసొచ్చిన వాళ్లింట్లో.

అలాంటి కుటుంబాలు బతికిన వీధిని చూడ్డం కొవ్వూరు వాళ్లకు కష్టమేం కాదు. వంతెన దాటి రాజమండ్రిలో కోరమాండల్ ఎక్కితే మర్నాడు షాలిమార్. శనివారానికే చేరుకోవాలి, ఎందుకంటే అసలు సందడంతా ఆదివారం తెల్లవారుజామునే. లాల్‌బజార్ పోలీసు కార్యాలయానికి దగ్గర్లో ఉంటుంది తిరెట్టా బజార్. ఆ పేరేమో ఒకప్పుడు దాని సొంతదారైన ఇటలీ ఆసామిది. ఆరింటికల్లా రోడ్డు పక్కన గిన్నెల మూతలు లేస్తాయి. చేప ఉండల సూపు, లోపల మాంసం కూరిన మెత్తటి బన్నులు, మోమోలు... సగానికి సగం ఆవిరి మీద ఉడికినవే. పొట్టిక్కబుట్టలు తిని పెరిగిన గోదావరి వాళ్లకు ఆ వాసన కొత్తగా అనిపించదు. కొన్నింటిలో పందిమాంసం ఉంటుంది, పడనివాళ్లు ముందే అడగాలి. ఎనిమిదిన్నర దాటితే మాత్రం మిగిలేది ఖాళీ గిన్నెలే.

పక్క సందుల్లో 'చర్చి' అన్న బోర్డులు కనిపిస్తాయి. లోపల సిలువ ఉండదు. సీ ఇప్ చర్చిలో కొలువైంది కరుణామయి క్వాన్ యిన్ అమ్మవారు. ఊరి తూర్పున టాంగ్రాలోనైతే చైనావాళ్లే కాళీమాతకు గుడి కట్టుకున్నారు. ప్రసాదం నూడుల్స్!

వీళ్లలో మొదటివాడు టోంగ్ అచ్యూ. వారన్ హేస్టింగ్స్ హయాంలో హుగ్లీ ఒడ్డున భూమి పుచ్చుకుని చెరకు వేశాడు, పంచదార మిల్లు పెట్టాడు. అతని పేరు మీదే ఆ ఊరు అచ్చీపూర్ అయింది. బెంగాలీలు పంచదారను 'చిని' అనడం కూడా అతని చలవేనంటారు గానీ, ఆ మాట అంతకంటే పాతది. తర్వాత వచ్చినవాళ్లు వడ్రంగం చేశారు, బూట్లు కుట్టారు, పళ్లు కట్టారు. ఊళ్లోవాళ్లు ముట్టని తోళ్ల పని హక్కాలు అందుకున్నారు.

అంతా సవ్యంగా ఉండగా 1962 యుద్ధం వచ్చిపడింది. ఇక్కడే పుట్టి, ఇక్కడి భాషే మాట్లాడేవాళ్లు కూడా రాత్రికి రాత్రి శత్రువులైపోయారు. సుమారు మూడు వేలమందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. ముసలివాళ్లు, పసిపిల్లలు అన్న తేడా లేదు. అస్సాం, డార్జిలింగ్ వైపు వాళ్లే ఎక్కువ. కొందరు నాలుగైదేళ్లు అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చేసరికి ఇల్లూ వాకిలీ వేలం అయిపోయినవాళ్లున్నారు. కలకత్తాలో మిగిలినవాళ్లకూ పోలీసుల అనుమతి లేనిదే ఊరు దాటే వీల్లేకపోయింది. యుద్ధం చేసింది ఎవరు, శిక్ష పడింది ఎవరికి? ఆ భయంతోనే చాలామంది కెనడా, ఆస్ట్రేలియా దారి పట్టారు.

1996లో కాలుష్యం కారణంగా తోళ్ల కార్ఖానాలను ఊరవతలకు తరలించాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. టాంగ్రాలో ఆ షెడ్లు కొన్ని హోటళ్లయ్యాయి. అలా వంటే వాళ్లకు ఆధారమైంది. ఒకప్పుడు ఇరవై వేల దాకా ఉన్న జనం ఇప్పుడు రెండు వేలకు అటూ ఇటూగా మిగిలారు. ఆదివారం బళ్ల వెనక కూడా ఇతరులే ఎక్కువగా కనిపిస్తున్నారు. 1969 నుంచీ వాళ్ల భాషలో వెలువడిన 'సియాంగ్ పావ్' దినపత్రిక 2020లో ఆగిపోయింది. పొద్దున్నే పేపరు కోసం ఎదురుచూసే ముసలివాళ్లకు ఇప్పుడు చదువుకోవడానికి సొంత భాషలో ఒక్క పత్రికా లేదు.