వినబడని మాటకు వ్యాఖ్యానం

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఆ మధ్య ఫోను చేసి, యోగక్షేమాలు అయిన తరువాత, గొంతు తగ్గించి ఒక మాట అడిగింది. "నాన్నా, మీరు ఇన్నేళ్ళు పిల్లలకు కావ్యాలు చెప్పారు గదా. పాటలో పైకి ఒక అర్థం ఉంచి లోపల ఇంకొకటి దాచిపెట్టడం సాధ్యమేనా?"

సాధ్యమేననీ, దానికి మనవాళ్ళు వెయ్యేళ్ళ క్రితమే శాస్త్రం వ్రాసి పెట్టారనీ నేను ఉత్సాహంగా అందుకొన్నాను. ఆనందవర్ధనుడి దగ్గర మొదలుపెట్టి మమ్మటుడి దాకా వచ్చేసరికి గాని, ఆమెకు కావలసింది శాస్త్రం కాదని నాకు తోచలేదు. పదహారేళ్ళ మా మనవడు గది తలుపు వేసికొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, రాక్ సంగీతం వింటున్నాడట. అటువంటి పాటలలో పిల్లల బుద్ధిని చెడగొట్టే సందేశాలు రహస్యంగా దాచి ఉంటాయనీ, వెనుకకు త్రిప్పి వింటే అవి బయటపడతాయనీ ఎవరో స్నేహితురాలు ఆమెకు చెప్పిందట. వాడు వినే పాటల జాబితా పంపుతాననీ, గూఢార్థం ఏమైనా ఉందేమో చూసి చెప్పమనీ కోరింది. హెడ్‌ఫోన్లు అప్పటికే లాగేసికొన్నదట.

నాకు ఆ సంగీతం కొత్త. తెలియని విషయంలో వెంటనే తీర్పు చెప్పే అలవాటు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఉండేది గాని, ఇప్పుడు తీరిక దొరికింది. నాలుగు వారాలు కూర్చుని విన్నాను, చదివాను. జాబితాలో చాలా పాటలు "కవర్" పాటలు. అంటే ఒకరు పాడి విడుదల చేసిన పాటను మరొకరు తమ బాణీలో తిరిగి పాడినవి. త్యాగయ్య కృతిని పదిమంది పది విధాల పాడగా విన్న మనకు ఇందులో వింత లేదు. అయితే గూఢార్థాల గొడవలు ఇటువంటి పాటల చుట్టూనే గట్టిగా నడిచాయని తెలిసి నాకు ఆసక్తి కలిగింది.

మొదటిది "లూయీ లూయీ". రిచర్డ్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడు వ్రాసి పాడిన ఈ పాట 1957లో విడుదలయింది. వస్తువు చాలా సాధువైనది. ఒక నావికుడు మద్యశాలలో పనివాడి ముందు కూర్చుని, జమైకాలో తనకోసం ఎదురుచూసే ప్రియురాలి దగ్గరకు వెళ్ళాలని ఉందని చెప్పుకొంటాడు. మన యక్షుడికి మేఘం దొరికినట్లు వీడికి లూయీ దొరికాడు, అంతే. కొన్నేళ్ళకు పెళ్ళి ఖర్చులకోసం బెర్రీ ఈ పాట హక్కులను 750 డాలర్లకు అమ్మివేశాడు. 1963లో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో "కింగ్స్‌మెన్" అనే కుర్రాళ్ళ బృందం దీనిని మళ్ళీ పాడింది. వారు నేర్చుకొన్నది బెర్రీ పాట నుంచి కాదు, మధ్యలో మరొక గాయకుడు పాడినదాని నుంచి. తాళపత్రానికి ప్రతి, ఆ ప్రతికి మరొక ప్రతి అన్నమాట. పాడిన జాక్ ఈలీకి పళ్ళకు తీగలు కట్టి ఉన్నాయి. మైకు పైన ఎక్కడో వ్రేలాడుతోంది. తల పైకెత్తి, వాయిద్యాల హోరును మించి అరవవలసి వచ్చింది. ఒక్క మాట స్పష్టంగా వినబడదు.

వినబడలేదు గనుకనే పాట పుట్టి మునిగింది. డిసెంబరు కల్లా అది బిల్‌బోర్డు పట్టికలో రెండవ స్థానానికి చేరింది. అందులో బూతులున్నాయని బడిపిల్లలలో ఒక పుకారు పుట్టింది. 1964 మొదట్లో ఇండియానా గవర్నరు మాథ్యూ వెల్ష్ ఈ పాట అశ్లీలమని ప్రకటించి, రేడియోలలో వేయవద్దని కోరాడు. ఒక పిల్లవాడి తల్లో తండ్రో ఏకంగా అప్పటి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీకి ఉత్తరం వ్రాశారు. ఎఫ్.బి.ఐ. దర్యాప్తు మొదలై రెండేళ్ళకు పైగా సాగింది. నలభై అయిదు వేగంతో తిరగవలసిన రికార్డును తమ ప్రయోగశాలలో నెమ్మదిగా త్రిప్పారు, వేగంగా త్రిప్పారు. చివరకు, ఏ వేగంతో త్రిప్పినా ఇందులో మాటలు తెలియడం లేదని వ్రాసి దస్త్రం మూసివేశారు.

ఆ దస్త్రం తరువాతి కాలంలో బయటికి వచ్చింది. అందులో నన్ను ఆకర్షించినవి పాఠాంతరాలు. ఈ పాటలో ఉన్నాయని చెబుతూ జనం టైపుచేసి పంపిన బూతుపాఠాలు ఒకటి కాదు, అనేకం. ఒకదానితో ఒకటి కలవవు. బెర్రీ వ్రాసిన సాధుపాఠమూ ఆ కాగితాలలోనే ఉంది గాని దానిని నమ్మేవారు లేరు. ఇంత శ్రమపడ్డవారు, ఆ రికార్డులో గొంతు ఎవరిదో ఆ జాక్ ఈలీని మాత్రం పిలిచి "అబ్బాయీ, నువ్వు ఏమని పాడావు?" అని అడగలేదు. ఇంకొక చమత్కారం ఉంది. ఆ రికార్డులో నిజంగానే ఒక బూతుమాట ఉంది. డ్రమ్ములు వాయించే కుర్రవాడి చేతిలో కర్ర పట్టు తప్పింది, వాడు ఒక తిట్టు అరిచాడు. సుమారు యాభై నాలుగవ సెకను దగ్గర అది వినబడుతుంది. లేని బూతుకోసం రెండేళ్ళు వెదకినవారి చెవులకు ఉన్న బూతు ఆనలేదు.

ఇది చదివి నేను నవ్వుకొన్నాను. ఆ వెంటనే ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చి నవ్వు ఆగిపోయింది.

నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో, రేకుల కప్పున్న తరగతిలో, జడివానలో, ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పద్యం చెప్పి వ్రాయించాను. కాపీలు దిద్దుతూ ఉంటే వెనుక బెంచీ కుర్రవాడొకడు ఒక పదానికి బదులు మరొక పదం వ్రాసి ఉన్నాడు. రెంటికీ ఒక్క అక్షరమే తేడా. వాడు వ్రాసిన మాటను ఇక్కడ వ్రాయలేను. వాడు కావాలనే వ్రాశాడని, నన్ను వెక్కిరించడానికే వ్రాశాడని నాకు నిమిషంలో నిశ్చయమైపోయింది. బెత్తం తీసికొన్నాను. "నాకు అట్లాగే వినపడింది మాస్టారూ" అన్నాడు వాడు ఏడుస్తూ. ఆ మాటను కూడా నేను పొగరుగానే అర్థం చేసికొన్నాను. వాన రేకులమీద ఎంత చప్పుడు చేసిందో నాకు తెలుసు, అయినా వాడి చెవిని నమ్మలేకపోయాను. ఆ సంవత్సరం చివర వాడు బడి మానివేశాడు. నా వల్లనే మానాడని అనలేను, కాదనీ అనలేను.

రెండవ పాట కథలో నవ్వుకు చోటు లేదు. "స్పూకీ టూత్" అనే ఆంగ్లబృందం 1969లో పాడిన "బెటర్ బై యు, బెటర్ దాన్ మి" అనే పాటను, "జూడస్ ప్రీస్ట్" అనే మరొక ఆంగ్లబృందం 1978లో మళ్ళీ పాడింది. 1985 డిసెంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో పద్దెనిమిదేళ్ళవాడొకడు, ఇరవై ఏళ్ళవాడొకడు మత్తులో ఉండి, ఆ పాటలున్న రికార్డు వింటూ గడిపిన తరువాత ఆత్మహత్యకు పూనుకొన్నారు. ఒకడు అప్పుడే పోయాడు. రెండవవాడు దారుణంగా గాయపడి మూడేళ్ళకు పోయాడు. "చేయి" అనే ఆజ్ఞను ఆ పాటలో చెవికి తెలియకుండా దాచారని ఆరోపిస్తూ వారి పక్షాన దావా నడిచింది. 1990 వేసవిలో రీనో నగరంలో న్యాయమూర్తి జెర్రీ కార్ వైట్‌హెడ్ ముందు విచారణ జరిగింది.

చనిపోయిన పిల్లల తల్లులను తప్పుపట్టే స్థితిలో నేను లేను. అయితే ఒక విషయం గమనించదగినది. మొదట ఆ దావా పాటల పైకి వినిపించే మాటలమీదనే వచ్చింది. అమెరికా రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ వాక్స్వాతంత్ర్యాన్ని కాపాడుతుంది గనుక, పైకి వినిపించే మాట ఎంత నిరాశ నిండినదైనా దానిమీద దావా నిలవడం కష్టం. వినేవాడికి తెలియకుండా చొప్పించిన మాటకు ఆ రక్షణ లేదని న్యాయమూర్తి నిర్ణయించారు. ఇక గూఢార్థం దొరికితేనే వ్యాజ్యం నిలుస్తుంది. అవసరం అంతగా ఉన్నప్పుడు గూఢార్థం దొరకకుండా ఉంటుందా?

గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ కోర్టులో సాక్ష్యం చెబుతూ ఒక మంచి పని చేశాడు. తమ పాటలనే వెనుకకు త్రిప్పి వినిపించాడు. ఒకచోట ఎవరో పిప్పరమెంటు అడుగుతున్నట్లు వినబడింది. పిప్పరమెంటును ఎవరూ దాచలేదు, వెదికితే వచ్చింది. ఆగస్టులో తీర్పు వచ్చింది. "చేయి" అన్నట్లు తోచే ధ్వని అక్కడ ఉన్నమాట నిజమే. గాయకుడు వదిలిన ఊపిరీ, గిటారు చప్పుడూ ఒకచోట కలియడంవల్ల యాదృచ్ఛికంగా ఏర్పడింది. ఎవరూ బుద్ధిపూర్వకంగా పెట్టలేదు. తీర్పు సారాంశం ఇది. మన తర్కంలో దీనికి ఘుణాక్షర న్యాయమని పేరున్నది. పురుగు కొయ్యను తొలుచుకొంటూ పోతే ఒకచోట అక్షరంలాంటి గీత పడుతుంది. గీత ఉన్నది, అక్షరమూ ఉన్నట్లే ఉన్నది. పురుగుకు మాత్రం చదువు రాదు.

విచారణలో ఇంకొక సంగతి బయటికి వచ్చింది. ఆ ఇద్దరి ఇండ్లలో కలతలు ఉన్నాయి. ఇద్దరూ చదువు మధ్యలో మానినవారు. మత్తుపదార్థాల అలవాటు ఉంది. వీటిలో ఏదీ గూఢంగా లేదు. ఏ టేపూ వెనుకకు త్రిప్పనక్కరలేదు.

ఇంతవరకు చదివినవారు, అయితే పాటలో గూఢార్థమే ఉండదంటారా అని అడగవచ్చు. అట్లా అంటే నేను చదివిన చదువుకు ద్రోహం చేసినట్లే. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రాముడి కథా చెబుతుంది, పాండవుల కథా చెబుతుంది. ఏ పదాన్ని ఎక్కడ విరిస్తే ఏ కథ వస్తుందో పలక మీద వ్రాసి చూపవచ్చు. ఎవరు విరిచినా అదే వస్తుంది. మన మెదకు సీమవాడైన కొలచల మల్లినాథసూరి, మూలంలో లేనిది ఒక్కటి కూడా వ్రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ధ్వని చెప్పేవారంతా వాచ్యార్థాన్ని మెట్టుగా చేసికొని పైకి వెళ్ళినవారే. మాటే వినబడని చోట మెట్టు లేదు. అక్కడ వినేవాడికి వినబడేది తన భయమే.

నిజమైన గూఢార్థం కవర్ పాటలో ఎట్లా పుడుతుందో జాబితాలోని మూడవ పాట నాకు చెప్పింది. "హర్ట్" అనే పాటను ట్రెంట్ రెజ్నర్ వ్రాసి "నైన్ ఇంచ్ నెయిల్స్" పేరిట 1994లో పాడాడు. యౌవనంలో ఉన్నవాడు తనను తాను గాయపరచుకొంటూ, మత్తులో మునుగుతూ పాడే పాట. దానినే 2002లో జానీ క్యాష్ పాడాడు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు, ఒంట్లో ఆరోగ్యం లేదు. మాటలు దాదాపు అవే. ఒక్కచోట, కిరీటాన్ని వర్ణించే మురికిమాటను తీసివేసి ముళ్ళ కిరీటం చేశాడు. దానితో క్రీస్తు తలపుకు వస్తాడు. తక్కినదంతా మార్చింది ఆయన గొంతు. యువకుడు తన సంపద అంతా మట్టి అంటే విరక్తి వేషమనిపిస్తుంది. వృద్ధుడు అదే అంటే లెక్క చూసుకొన్నట్లుంటుంది. ఆ పాటకు తీసిన వీడియోలో ఆయన భార్య జూన్ కార్టర్ మెట్లమీద నిలబడి భర్తను చూస్తూ ఉంటుంది. 2003 మే నెలలో ఆమె, సెప్టెంబరులో ఆయన వెళ్ళిపోయారు. ఇప్పుడు చూసేవారికి ఆ చూపులో అప్పుడు లేని అర్థం కూడా ఉన్నది.

వ్యంగ్యార్థానికి తోడ్పడే వాటిని మమ్మటుడు కావ్యప్రకాశంలో లెక్కపెట్టాడు. చెప్పేవాడెవరు, వినేవాడెవరు, గొంతులో కాకువు ఏమిటి, సందర్భమేది, దేశమేది, కాలమేది. ఈ పట్టికను నేను ముప్పై ఏళ్ళు పరీక్షలకోసం వల్లె వేయించాను. అది నాకు పూర్తిగా అర్థమయింది, ఏనాడూ తెలుగు వినని ఒక అమెరికా ముసలాయన పాట విన్న తరువాతనే. ఇందులో రహస్యం లేదు. చెప్పేవాడు మారాడు, కాలం మారింది, అర్థం మారింది. ఎవరైనా వినవచ్చు, ముందుకు త్రిప్పి.

జాబితాను అమ్మాయికి వ్యాఖ్యానం లేకుండా తిప్పి పంపి, మనవడితో మాట్లాడతానన్నాను. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు.

"ఈ పాటల్లో ఏమంటారురా?" అని అడిగాను.

"సగం నాకూ తెలీదు తాతయ్యా. డ్రమ్స్ బాగుంటాయి."

"ఎప్పుడు వింటావు?"

కాసేపు ఊరుకొన్నాడు. ఈ ఊరు మారినప్పటి నుంచి బడిలో మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక్కడే కూర్చుంటున్నాడట. చెవులకు అవి పెట్టుకొంటే, పాట వింటున్నాడు గనుక ఒంటరిగా కూర్చున్నాడని అందరూ అనుకొంటారట. ఇంటికి వచ్చాక అలవాటుగా వింటున్నాడట.

"అమ్మతో చెప్పావా?"

"అమ్మ పాటల గురించే అడిగింది" అన్నాడు.

ఆ రాత్రే అమ్మాయికి ఫోను చేశాను. హెడ్‌ఫోన్లు తిరిగి ఇచ్చివేసింది. భోజనం బల్ల సంగతి ఇంకా తేలలేదు. దానికి సంబంధించి బడిలో ఎవరినో కలవాలని అనుకొంటున్నది.