మాటల చుట్టరికాలు

వంటింట్లో నుండి ఇల్లాలు "బియ్యం నిండుకున్నాయి" అంటుంది. తెలుగింట పుట్టి పెరిగినవాడు మారుమాటాడక సంచి తీసుకొని అంగడికి బయలుదేరుతాడు. తెలుగు పదాలను ఒక్కొక్కటిగా విడదీసి నేర్చుకున్న అతిథి మాత్రం, డబ్బా అంచుదాకా నిండినదని తలచి సంతోషిస్తాడు. ఇద్దరూ విన్న వాక్యం ఒక్కటే. నిండుట అంటే పూర్ణం కావటమే గదా! మరి అది లేమిని ఎట్లా సూచించింది? ఇంట్లో లేదనే మాట పలకటం అశుభమని భావించిన గృహిణులు దానికి ఎదురుమాటను ఎన్నుకున్నారు. దీపం ఆరిందనక కొండెక్కిందన్నారు. సెలవు తీసుకొనేటప్పుడు పోతాననక వెళ్ళివస్తానన్నారు. ఇటువంటి మంగళభాషణంలో మాట ఒక వైపు చూస్తుంది, అర్థం మరొక వైపు నడుస్తుంది. అయినా వినేవాడు దారి తప్పడు.

పదం అంటే వస్తువుకు అంటించిన చీటీ వంటిదనీ, ఒక్కొక్క పదానికి ఒక్కొక్క అర్థం కట్టి ఉంటుందనీ చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం సగమే నిజం. వాక్కూ అర్థమూ పార్వతీపరమేశ్వరుల వలె విడదీయరానివని కాళిదాసు రఘువంశం మొదటనే స్మరించాడు. కాని పదానికి తన అర్థంతో గల సంబంధం ఎంత గాఢమైనదో, తోడి పదాలతో గల సంబంధమూ అంత గాఢమైనదే. సుమారు 5వ శతాబ్దికి చెందిన భర్తృహరి తన వాక్యపదీయంలో ఈ విషయాన్ని ఎంతో సూక్ష్మంగా విచారించాడు. ఒక పదానికి అనేకార్థాలున్నప్పుడు వాటిలో ఏది గ్రహించాలో నిర్ణయించేవి సాహచర్యం, విరోధం, ప్రకరణం మొదలైనవని ఆయన చెప్పాడు. రాముడు, లక్ష్మణుడు అని కలిపి అంటే ఆ రాముడు దశరథ తనయుడు. రాముడు, కార్తవీర్యార్జునుడు అంటే ఆ వైరాన్ని బట్టి అతడు పరశురాముడు. సంస్కృతంలో సైంధవమంటే ఉప్పు అనీ, గుర్రమనీ అర్థాలున్నాయి. భోజనానికి కూర్చున్న యజమాని సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి సిద్ధమై అడిగితే గుర్రాన్ని తేవాలి. విస్తరి ముందు గుర్రాన్ని నిలబెట్టిన సేవకుడు నిఘంటువు ప్రకారం ఏ తప్పూ చేయలేదు!

ఈ సాహచర్యం తెలుగు క్రియలలో కనిపించినంత అందంగా మరొకచోట కనిపించదు. తెలుగువారు చీర కట్టుకొంటారు, చొక్కా తొడుగుకొంటారు, శాలువ కప్పుకొంటారు, తలపాగా చుట్టుకొంటారు. బొట్టు పెట్టుకొంటారు, కాటుక దిద్దుకొంటారు, గంధం పూసుకొంటారు, పూలు తురుముకొంటారు. ఆంగ్లంలో వీటిలో చాలావాటికి ఒక్క క్రియతోనే పని జరుగుతుంది. తెలుగులో ఇన్ని క్రియలుండటం అనవసరమైన ఆడంబరం కాదు. ఒక్కొక్క క్రియలో ఒక్కొక్క చేతి కదలిక దాగి ఉంది. అవయవం ఒక బోలు వస్తువులోనికి దూరితే అది తొడగటం. అందుకే చొక్కాకూ, గాజుకూ, ఉంగరానికీ, చెప్పుకూ ఒకే క్రియ కుదిరింది. చుట్టి బిగించి నిలిపితే అది కట్టటం. అందుకే చీర, పంచె, గజ్జెలు, కంకణం, తాళి ఒక్క గూటికి చేరాయి.

'కట్టు' అనే ఆ చిన్న ధాతువు వెంట నడిస్తే ఒక వంశవృక్షమే కనిపిస్తుంది. ఇల్లు కట్టాలి, చెరువుకు కట్ట వేయాలి, పన్ను కట్టాలి. ఊరి నియమం కట్టుబాటు, దానికి లోబడటం కట్టుబడటం. మనసును పట్టి నిలిపేది ఆకట్టుకొంటుంది, కళ్ళను మోసగించేది కనికట్టు. ఉన్నదీ లేనిదీ కలిపి అల్లితే కట్టుకథ. కట్టుకున్నవాడు అంటే చాలు, భర్త అని వేరే చెప్పనక్కరలేదు. ఈ మాటలను వేరు వేరు అర్థాలుగా కంఠస్థం చేసే విద్యార్థికి అది భారం. వాటి చుట్టరికం తెలిసినవానికి ఒక్కటి తెలిస్తే పది తెలిసినట్లే.

ఇప్పుడు ఎందరో పిల్లల నోట ఇవన్నీ 'వేసుకొను' అనే ఒక్క క్రియలోనికి కుంచించుకొని పోతున్నాయి. చీర వేసుకొంది, బొట్టు వేసుకొంది అంటున్నారు. చీర వేసుకొన్నదంటే భుజాన కండువా వలె వేసుకొన్నదేమో అనిపిస్తుంది. ఇక్కడ పోయినది పదం కాదు. చీర ఉన్నది, కట్టటమూ ఉన్నది. ఆ రెండింటి మధ్య పొత్తు తెగింది. పదం మరుగున పడితే పండితులు గుర్తించి విచారిస్తారు. పొత్తు తెగితే ఎవరికీ వినిపించదు.

పర్యాయపదాల బోధనలోనూ ఈ పొరపాటే జరుగుతున్నది. నీరు అంటే జలము, ఉదకము, తోయము అని వరుసగా వల్లె వేయించటం పరిపాటి. (ఈ పాఠం చివరనే అటువంటి ప్రశ్న ఉన్నా ఆశ్చర్యం లేదు.) పరీక్షలో మార్కులు వస్తాయి. కాని దప్పికగొన్నవాడు జలం అడగడు, మంచినీళ్ళు అడుగుతాడు. గుడిలో అరచేత పోసేది తీర్థం. పితృదేవతలకు విడిచేవి తిలోదకాలు. ఒక ఆశయానికి తిలోదకాలిచ్చాడంటే దాన్ని శాశ్వతంగా విడిచిపెట్టాడని అర్థం. ఆశకు నీళ్ళు వదులుకున్నాడన్నా దాదాపు అదే భావం. కాని జవాబు చెప్పలేక నీళ్ళు నమిలాడన్నచోట 'జలం నమిలాడు' అంటే నవ్వు వస్తుంది. జలాశయాన్ని నీరాశయమనరు, కన్నీటిని కన్జలమనరు. పర్యాయపదాలు కవలపిల్లల వంటివి. చూపులకు ఒక్కటే, మెలిగే ఇళ్ళు వేరు. అమరకోశం పర్యాయపదాలను గుదిగుచ్చినమాట నిజమే. అయితే ఆ కోశాన్ని వల్లించినవారు దానితోపాటు కావ్యాలూ చదివేవారు. ఏ మాట ఎక్కడ ఒదుగుతుందో కావ్యం నేర్పేది. కావ్యాన్ని విడిచి కోశాన్ని మాత్రం మిగుల్చుకోవటం ఈ కాలపు తెలివి.

ఇల్లు మారితే మాట గుణమూ మారుతుంది. వేదాంగాలలో ఒకటైన శిక్ష ఉచ్చారణ శాస్త్రం. హిందీలో ఆ మాటకు చదువు అని అర్థం, తెలుగులో దండన. తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పును ఊహించటం అనుమానం. తెలుగు సంసారంలో అడుగుపెట్టిన అనుమానం కాపురాలనే కూలుస్తుంది.

అన్యభాషాపదాలు వచ్చి చేరటం వల్లనే తెలుగు చెడిపోతున్నదని వాపోయేవారున్నారు. వారి ఆవేదన అర్థవంతమైనదే గాని, వారు వేలు చూపే చోటు సరియైనది కాదు. బస్సు పరాయి మాట. కాని తెలుగువాడు గుర్రమెక్కినట్లే, బండి ఎక్కినట్లే బస్సెక్కాడు. లైటు వేశాడు, ఫోను ఎత్తాడు. తెలుగు క్రియతో కాపురం చేసిన ఆ నామం తెలుగింటి కోడలైంది. ఆందోళన కలిగించేది దీనికి తారుమారుగా జరిగేది. 'స్నానం తీసుకొన్నాడు', 'భోజనం తీసుకొన్నాడు' అనే వాక్యాలలో ఒక్క ఆంగ్లపదమూ లేదు. అయినా అవి తెలుగు వాక్యాలు కావు. స్నానం చేయవలసినది, భోజనం చేయవలసినది. అయితే అన్నింటినీ వెలివేయాలని పట్టుబట్టటమూ తగదు. 'నిర్ణయం తీసుకొను' అనేది ఇంతగా వాడుకలో పాతుకొన్న తరువాత దాన్ని పెరికివేయబోవటం వృథాశ్రమ.

వీటన్నింటికన్న లోతైన నష్టం ఒకటున్నది. పని మారినప్పుడు ఆ పనిని ఆశ్రయించిన మాటలు ఆధారం కోల్పోతాయి. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోనూ, రెండవ సంపుటం చేనేత పదాలతో 1971లోనూ వెలువడ్డాయి. రైతుల నోట, నేతగాండ్ర నోట ఉన్న మాటలను ఊరూరా సేకరించి కూర్చిన గొప్ప కృషి అది. పదాలు భద్రపడ్డాయి. కాని నాగలి, మేడి, కర్రు, కాడి ఒకదానినొకటి పట్టుకొని చేలో కదిలినప్పుడు వాటికుండిన జీవం పుటలలో ఇమిడేది కాదు. ట్రాక్టరు వచ్చి రైతు శ్రమను తగ్గించింది. దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. కాడి మాత్రం చాలా ఊళ్ళలో చేను విడిచి జాతీయంలో మిగిలింది.

'కాడి పడవేయటం' అనే జాతీయానికి నగరంలో పెరిగిన విద్యార్థి అర్థం సరిగానే వ్రాయగలడు: పూనిన పనిని మధ్యలో విడిచిపెట్టటం. సొంత వాక్యమూ కూర్చగలడు. ఆ వాక్యాన్ని అతడు ఇంట్లో పైకి చదివితే, గదిలో మూలన కూర్చున్న తాత ఒక్కసారి తలెత్తుతాడు. ఆయనకు వినిపించింది అర్థం కాదు. మిట్టమధ్యాహ్నపు ఎండ, సగం దున్నిన చేను, మెడ విదిల్చి చాలులోనే కూలబడిన ఎద్దు.