మేము... మనం!

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి తలెత్తితే చాలు, బోర్డులే బోర్డులు. స్పోకెన్ ఇంగ్లిష్, సాఫ్ట్‌వేర్ కోర్సులు, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు... నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్‌ల నుంచీ, అటు కోస్తా జిల్లాల నుంచీ వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి ఇక్కడి హాస్టళ్లలో ఉండి నేర్చుకుంటున్నది ఉద్యోగం తెచ్చిపెట్టే భాష. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, మీ గురించి చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో అన్నీ నేర్పుతారు.

ఉద్యోగం వస్తుంది. అయిదారేళ్లకు ప్రమోషనూ వస్తుంది. నిన్నటిదాకా టిఫిన్ డబ్బా పంచుకున్నవాళ్లకే ఇవాళ పని పురమాయించాలి. వయసులో పెద్దవాళ్లకు తప్పు చూపించాలి. అప్పుడేం మాట్లాడాలి? ఎలా మాట్లాడాలి? అది చాలామందికి ఎవరూ నేర్పరు.

ఆఫీసులో టీమ్ లీడరైనా, బట్టల షోరూమ్‌లో సూపర్‌వైజరైనా పదవి వచ్చిన మర్నాడే మాట మారిపోతుంది. 'చేద్దాం' కాస్తా 'చెయ్యండి' అవుతుంది. నెల తిరిగేసరికి 'ఎందుకు చెయ్యలేదు?' అవుతుంది. పని బాగా జరిగితే 'నేను చేయించా'. చెడితే 'వాళ్లు సరిగ్గా చెయ్యలేదు'. ఇలా మాట్లాడుతున్నట్టు మాట్లాడేవాళ్లకు తెలియదు. వినేవాళ్లకు మాత్రం మొదటిరోజే తెలుస్తుంది!

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఓ వెసులుబాటు ఉంది. ఇంగ్లిష్‌లో 'వుయ్' ఒక్కటే. మనకు రెండు. ఎదుటివాళ్లను కలుపుకొంటే 'మనం', పక్కన పెడితే 'మేము'. 'ఈ నెల టార్గెట్ మేం పెంచాం' అన్నారనుకోండి, వినేవాడు గోడకు అవతలే ఉండిపోతాడు. 'ఈ నెల మనం ఇంత చెయ్యాలి, ఎలా చేద్దాం?' అంటే ఆ గోడ ఉండదు. అయితే ఒక్క షరతు. 'ఆదివారం కూడా మనం రావాలి' అన్న మేనేజర్ ఆదివారం కనిపించకపోతే, సోమవారం నుంచి ఆ 'మనం'కు విలువుండదు.

యాస వెనక మనసు

ఎల్బీనగర్ చౌరస్తాలో దారులు కలుస్తాయి. వాటితోపాటు యాసలూ కలుస్తాయి. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది. ఆ రైల్లో అమీర్‌పేట వైపు వెళ్లే ఒక్క పెట్టెలోనే ఎన్ని తెలుగులు వినిపిస్తాయో! మధ్యలో దక్కనీ ఉర్దూ సరేసరి.

నల్గొండ కుర్రాడు తనకన్నా పెద్దాయనతో 'అన్నా, నువ్వు చెప్పరాదు' అంటే అందులో ఉన్నది చనువే. గోదావరి జిల్లా నుంచి వచ్చినాయనకు 'అండీ' లేని ఆ పిలుపు చివుక్కుమనిపించవచ్చు. ఆయన మాటమాటకీ 'అండీ' అంటుంటే, ఈ కుర్రాడికి దూరం పెడుతున్నట్టు అనిపించవచ్చు. ఇద్దరిలోనూ తప్పు లేదు. ఇద్దరి మనసూ తెలిసి పని నడిపించేవాడే అసలైన లీడర్. మీటింగులో ఒకరి యాసను చూసి, ఒకరి ఇంగ్లిష్ విని అందరిముందూ నవ్వితే... ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు. నష్టం అతనికొక్కడికేనా?

చెప్పలేకపోయిన మాట

1978 డిసెంబరు 28. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చేరుకున్న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173 విమానంలో ల్యాండింగ్ గేర్ దగ్గర సమస్య వచ్చింది. కెప్టెన్ ధ్యాసంతా దానిమీదే. విమానం ఆకాశంలో తిరుగుతూనే ఉంది. ఇంధనం తగ్గుతోందన్న సంగతి పక్కనున్న సిబ్బంది మాటల్లో వచ్చింది కానీ, ఆయన మనసుకెక్కేలా గట్టిగా ఎవరూ చెప్పలేదు. ఇంధనం అయిపోయి విమానం కూలింది. పదిమంది చనిపోయారు. ఆ తర్వాత 1981లో ఆ సంస్థ కెప్టెన్లకు వినడం, కింది సిబ్బందికి సూటిగా చెప్పడం నేర్పే శిక్షణ మొదలుపెట్టింది. క్రమంగా ఇతర విమానయాన సంస్థలూ అదే దారి పట్టాయి.

మన ఆఫీసుల్లో 'ఒకసారి చూసుకుంటే మంచిదేమో సార్' అనే మాట తరచూ వింటాం. మర్యాదగా చెప్పిన హెచ్చరిక అది. 'నాకు తెలుసులే' అంటే అక్కడితో సరి. 'ఏం చూడాలి? వివరంగా చెప్పు' అంటే రాబోయే ముప్పు ముందే తెలుస్తుంది.

హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టాక ఉద్యోగుల ముందు పెట్టిన ఆలోచనా ఇలాంటిదే. అన్నీ తెలుసనుకునేవారికంటే, అన్నీ నేర్చుకుందామనుకునేవారే ముందుకెళ్తారని ఆయన పదేపదే చెప్పారు. కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రచన నుంచి ఆ స్ఫూర్తి పొందానని కూడా చెప్పుకొన్నారు. అంత పెద్ద సంస్థ అధిపతే నేర్చుకుంటానంటే, పదిమందికి లీడరైనవారికి 'నాకు తెలియదు' అనడానికి నామోషీ ఎందుకు?

రేపు సోమవారం. ప్రయత్నిస్తే పోయేదేముంది? 'ఎందుకు చెయ్యలేదు?' బదులు 'ఎక్కడ ఆగింది?' అని అడగండి. మెచ్చుకునేటప్పుడు పేరుపెట్టి పదిమందిలో మెచ్చుకోండి. మందలించాల్సివస్తే పక్కకు పిలిచి చెప్పండి. మీటింగులో చిన్న ఉద్యోగిని ముందు మాట్లాడనివ్వండి, మీరు చివర్లో మాట్లాడండి.

అన్నట్టు, ఇది ఆఫీసుకే పరిమితం కాదు. ప్రోగ్రెస్ కార్డు చూడగానే 'మా రోజుల్లో మేము...' అని మొదలెట్టే నాన్నలు, ఈసారి 'ఎక్కడ అర్థం కాలేదు? మనం చూద్దాం' అని చూడండి. పిల్లాడు పుస్తకం తీసుకుని వచ్చి పక్కనే కూర్చోకపోతే అడగండి!